గట్టు మీద జామాయిల్, పక్క చేలో నీడ

కంప్యూటర్లో చెట్టు పెంచడం అంటే రైతుకు నవ్వొస్తుంది. ఎరువు అక్కర్లేదు, నీళ్లక్కర్లేదు, మేక ముట్టదు. అయినా ఆ చెట్టుతో మనకు పని ఉందంటున్నాను. ముఖ్యంగా బూర్గంపాడు, పాల్వంచ, అశ్వాపురం వైపు చేల గట్ల మీద జామాయిల్ పెట్టే రైతు సోదరులకు.

సినిమా వాళ్లకిది పాత సంగతే. 2009లో వచ్చిన 'అవతార్' అడవికి స్పీడ్‌ట్రీ అనే సాఫ్ట్‌వేర్ వాడారు. 2015లో ఆస్కార్ సంస్థ దానికి సాంకేతిక అవార్డు ఇచ్చింది. అది డబ్బున్న వాళ్ల వ్యవహారం. మనలాంటి వాళ్లకు బ్లెండర్ ఉంది, పైసా ఖర్చు లేదు. దానికి జోడించుకునే 'శాప్లింగ్'లో కాండం ఎత్తెంత, కొమ్మ ఏ కోణంలో చీలాలి, ఆకు ఎంతుండాలి అని అంకెలు వేస్తే చాలు, చెట్టు లేచి నిలబడుతుంది. వెబర్, పెన్ అనే ఇద్దరు 1995లో ప్రకటించిన పద్ధతి ఇది.

తమాషా ఏమంటే, అందులో ఒక అంకెను 'విత్తనం' అనే పిలుస్తారు. అది మారిస్తే జాతి అదే, చెట్టు వేరు. మార్చకపోతే వందసార్లు వేసినా అచ్చం అదే చెట్టు. మన క్లోన్ జామాయిల్ లాగానన్నమాట! సారపాక కాగితం మిల్లు వాళ్లు 1989లో మొదలుపెట్టిన పరిశోధనలో వచ్చిన భద్రాచలం క్లోన్లను 413, 526 అని మనమూ నంబర్లతోనే కదా పిలుచుకునేది.

ఇక నీడ సంగతి చూద్దాం. డిసెంబరు నెలాఖరుకు మన ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు. 15 మీటర్ల జామాయిల్ నీడ ఉత్తరం వైపు దాదాపు 13 మీటర్లు పడుతుంది. మీ ఉత్తరం గట్టు మీద వరుస పెట్టారా, ఆ నీడ పక్క రైతు మిర్చి తోటలోకే పోతుంది. అదీ కాయ పట్టే రోజుల్లో. తూర్పు గట్టు మీదైతే మధ్యాహ్నం నీడ వరుస వెంబడే పడుతుంది, పొద్దున మీ చేలోకి, సాయంత్రం అవతలికి పోతుంది. బ్లెండర్లో ఊరి అక్షాంశం, తేదీ, గంట చెబితే సూర్యుణ్ణి సరిగ్గా అక్కడే నిలబెట్టే సౌకర్యం ఉంది. మొక్క నాటకముందే నాలుగేళ్ల తర్వాతి నీడను ఇద్దరు రైతులూ కూర్చుని చూసుకోవచ్చు. గట్టు తగాదా పంచాయితీకి ఎక్కాక చూసుకునేదేముంది?

అయితే ఒక హెచ్చరిక. ఈ చెట్టుకు దాహం లేదు. వేరు ఎంతదూరం పాకి పక్క చేను తేమ లాగుతుందో ఆ బొమ్మ చెప్పదు. రేపు ఎవరైనా రంగుల తోట బొమ్మ చూపించి మొక్కలు అంటగట్టాలని చూస్తే, మొదట నీళ్ల లెక్క అడగండి.

ఇంకొకటి. అందులో సిద్ధంగా ఇచ్చినవి ఎక్కువగా మేపుల్, విల్లో, పైన్ లాంటి చలిదేశపు చెట్లు. మన ఇప్ప, తునికి కావాలంటే మనమే కొలిచి అంకెలు ఇచ్చుకోవాలి. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, పూతకొచ్చిన ఇప్ప ఎలా ఉంటుందో పరాయి దేశం వాడికేం తెలుసు? కోయగూడెం పిల్లవాడికి తెలుసు. ఆ పిల్లవాడి చేతికి కంప్యూటర్ ఇవ్వాలి.

కొత్తగూడెం, వైరా కృషి విజ్ఞాన కేంద్రాల వాళ్లు తలుచుకుంటే ఇది పెద్ద పని కాదు. జామాయిల్, సుబాబుల్, టేకు - ఈ మూడింటికీ ఏడాదికో బొమ్మ తయారుచేసి, నాట్ల సీజన్‌కు ముందే గ్రామసభల్లో చూపించమని అడుగుతున్నాం.