ఓటుకు లెక్కుంది, బేరానికి లేదు!

నెదర్లాండ్స్ దిగువ సభలో 150 సీట్లు. దేశం మొత్తం ఓట్లలో నూటయాభయ్యో వంతు వస్తే చాలు, ఒక సీటు దక్కుతుంది. అందుకే 2021లో 17 పార్టీలు సభలో కాలుపెట్టాయి. ఓడినోడి ఓటు మట్టిపాలయ్యే పద్ధతి కాదది. మంచిదే అంటాం మేము.

మరి ఓటేసినాక? సర్కారు ఏర్పడడానికి 299 రోజులు పట్టింది! 2023లో 37 సీట్లతో ముందు నిలిచిన విల్డర్స్ పార్టీ, మరో మూడింటితో కలిసి 2024 జూలైలో గద్దెనెక్కింది. శరణార్థులను అడ్డుకునే తన షరతులు సాగలేదని 2025 జూన్‌లో బయటికొచ్చి సర్కారును కూల్చింది.

చిన్న పార్టీల వల్లే ఈ గోల, కనీస ఓట్ల హద్దు పెంచాలి అంటారు కొందరు. మేము ఒప్పుకోం. కూల్చింది చిన్నోళ్లా? అందరికన్నా పెద్ద పార్టీయే గదా! కట్టడి చేయాల్సింది చిన్నోడి ఓటును కాదు, తలుపులేసుకొని చేసే బేరాన్ని. ఆ బేరం జనం ముందు జరగాలి.