అరుగులు పోయినవి, బెంచీలైనను వేయించరా?

అయ్యా,

చెన్నపట్నపు పాతపేటలలో మన పెద్దల ఇండ్లకు వీధివైపున అరుగులుండెడివి. ఎండలో నడచివచ్చిన వారెవరైనను అడుగకయే కూర్చుండి అలసట తీర్చుకొనెడివారు. ఇండ్లు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టినారు, అరుగులు పోయినవి, వాటికి బదులుగా ఏమియు రాలేదు. నాకు డెబ్బదినాలుగేండ్లు. కూరగాయల అంగడి అర కిలోమీటరే. కాని నడుమ రెండుమార్లు కూర్చొననిదే నా మోకాళ్లు సాగనీయవు. నాబోటివారు పలువురు ఇందువలననే గడప దాటుట మానుకొనిరి.

2019లో పాండీబజారున వెడల్పైన కాలిబాటలు, బెంచీలు ఏర్పడినవి. సంతోషమే. బజారునకు వచ్చువారికి అమరిన సౌకర్యము కాపురముండు వీధులకును అందవలెను గదా! బస్సుస్టాపు, రేషనుషాపు, ఆసుపత్రులకు పోవు దారులలో నూరేసి గజములకొక బెంచీ చాలును. కాలిబాట కనీసము 1.8 మీటర్ల వెడల్పుండవలెననియు, ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదనియు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే సూచించినది. అంగుళము ఎత్తునకు అడుగు పొడవున వాలు కట్టినచో చక్రాల కుర్చీయు సులువుగా ఎక్కును.

నగరపాలకులు రాబోవు బడ్జెటులో ప్రతి వార్డునకు ఇందుకై కొంత సొమ్ము కేటాయింతురని ఆశించుచున్నాను. పాఠకులును తమ తమ వార్డు సభ్యులకు ఈ సంగతి వ్రాయవలెనని నా మనవి.

ఇట్లు,
ఒక వృద్ధ పాఠకుడు,
చెన్నపట్నము.