బండి ఆయిలు: మనమే మార్చాలా, మెకానిక్‌కు ఇవ్వాలా?

మగ్గం వదిలి బండి మీద బతికే పిల్లలు మన షోలాపూర్ గల్లీల్లో పెరిగిండ్రు. ఒకడు టవల్ గట్లు మోస్తడు, ఒకడు పార్సిళ్లు పంచుతడు. బండి ఒక్కరోజు నిలబడితే ఆ రోజు కూలి పోతది, కిస్తు మాత్రం ఆగదు. అందుకే అడుగుతున్నరు, ఇంజిన్ ఆయిలు ఇంట్లనే మార్చుకుంటే పైసలు మిగుల్తయా అని.

ముందు లెక్క చూద్దాం. 100 సీసీ బండికి లీటరుకు కొంచెం తక్కువ ఆయిలు పడుతది. ఎవరు పోసినా ఆయిలు ధర అంతే, మిగిలేది కూలి ఒక్కటే. అది 60 రూపాయలు అనుకోండి. రోజుకు 50 కిలోమీటర్లు తిరిగే బండికి 3000 కిలోమీటర్లు రెండు నెలల్లో అయితయి. ఏడాదికి 6 సార్లు, 360 రూపాయలు. పాన, గరాటు, ట్రే కొన్న ఖర్చు తీసేస్తే మొదటి ఏడు మిగిలేది కొంచెమే. ఒట్టి పైసల కోసమే అయితే ఈ తిప్పలు వద్దు.

అసలు లాభం వేరే. మిల్లులో నూనె పోసేటోడు పోయకుండానే పోసిన అని పోతే, బేరింగు కాలేదాక ఎవరికీ తెల్వదు. ఇంజిన్ కూడా అంతే. లోపల ఏం పోసిండ్రో మన కంటితో చూడాలె. సీసా మీద 4టి, జాసో ఎంఏ అని ఉండాలె. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్లో తిరుగుతయి, కారు ఆయిలు పోస్తే క్లచ్ జారుతది. ఖాళీ సీసా కోసి పారేయండి. దాంట్ల నకిలీది నింపి అమ్మేటోళ్లు ఉన్నరు.

ఇంట్లో చెయ్యాలంటే మూడు ఉండాలె: చదునైన జాగ, సరైన సైజు పాన, పాత ఆయిలు ఇచ్చే చోటు. ఇంజిన్ కొద్దిగా వేడి చేసి ఆపండి, కింద ట్రే పెట్టి బోల్టు విప్పండి, పూర్తిగా కారనివ్వండి. మళ్లీ పెట్టేటప్పుడు మొదట చేత్తోనే తిప్పాలె. ఇంజిన్ కింది భాగం అల్యూమినియం. బలమంతా పెట్టి బిగిస్తే మరలు తెగుతయి, అప్పుడు 60 రూపాయల పని వేలల్లోకి పోతది. పాత ఆయిలు నల్లగ ఉంటే భయం లేదు, మసిని మోసుకొస్తది. పాలు కలిపిన చాయ్ లెక్క ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టు. మెరిసే ఇనుప రజను కనబడితే వెంటనే మెకానిక్‌కు చూపెట్టాలె.

పాత ఆయిలు మోరీలో పొయ్యొద్దు. సీసాలో పట్టి గ్యారేజీ డ్రమ్ముకు ఇయ్యండి. చేతులకు అంటితే సబ్బుతో కడగండి. ఇంగ్లండులో లాంకషైర్ నూలు మిల్లుల్లో ఏండ్ల తరబడి నూనెతో తడిసిన బట్టల్లో పనిచేసిన కార్మికులకు చర్మపు కాన్సరు వచ్చింది. ఆ సంగతి అక్కడి డాక్టర్లు 1922లోనే రాసిండ్రు. నూనెతో బతికినోళ్లం, మనకు ఈ జాగ్రత్త ఉండాలె.

కారు, వ్యాను సంగతి వేరు. కింద దూరాలె, ఫిల్టరు మార్చాలె. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎన్నడూ పోవద్దు, జాకీ జారితే ప్రాణమే పోతది. అది గ్యారేజీకే ఇయ్యండి. కొత్త బండి వారంటీలో ఉంటే కంపెనీ సర్వీసుకే పంపి, రసీదు దాచుకోండి.

ఇంట్లో జాగ లేనోళ్లు సిగ్గు పడాల్సింది ఏం లేదు. ఆయిలు సీసా మీరే కొని తీసుకపోండి. మెకానిక్ పక్కన పది నిమిషాలు నిలబడి, పాత ఆయిలు కారింది, కొత్తది పడ్డది రెండూ చూడండి. ఆ రోజు తారీఖు, కిలోమీటర్లు ఇంట్లో క్యాలెండరు మీద రాసిపెట్టండి.