నొక్కినా దూకదేం?

సెల్‌ఫోన్ ఆటలో గొయ్యి వచ్చింది. వేలు తెరమీద పడింది. బొమ్మ మాత్రం దూకలేదు! 'నేను నొక్కాను' అని పిల్లాడు మొత్తుకుంటే, 'నీకు ఆడటం రాక...' అని ఇంటిల్లిపాదీ నవ్వుతారు. చాలాసార్లు పిల్లాడి మాటే నిజం.

ఎందుకో తెలియాలంటే, చేనేత కార్మికులుండే జనగామ జిల్లా కొడకండ్లలాంటి ఊళ్లో మగ్గాన్ని తలచుకుంటే చాలు. టచ్‌స్క్రీన్ గాజు కింద కంటికి కనిపించని సన్నని విద్యుత్ గీతలు పడుగూ పేకల్లా ఉంటాయి. వేలు ఆనినచోట విద్యుదావేశం కాస్త మారుతుంది. ఏ పడుగు, ఏ పేక కలిసినచోట ఆ మార్పు వచ్చిందో చూసి ఫోను వేలి జాడ పడుతుంది. ఇలాంటి తెర గురించి బ్రిటన్‌లోని రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌కి చెందిన ఇ.ఎ.జాన్సన్ 1965లోనే రాశాడు.

చిక్కల్లా ఇక్కడే. నీటిచుక్క పడితే తెర దాన్నీ వేలనుకోవచ్చు. నాసిరకం ఛార్జరు తగిలించి ఆడితే ఆ విద్యుత్ అలజడికి తికమకపడుతుంది. మగ్గం నేసి, నాగలి పట్టి కాయలు కాసిన వేలినైతే ఒక్కోసారి గుర్తించనే గుర్తించదు. మందంగా, పొడిగా ఉన్న చర్మం ఆ మార్పును తగ్గించేస్తుంది మరి!

తెర గుర్తించినా ఆట పట్టించుకోకపోవచ్చు. ఆట మామూలుగా సెకనుకు 60సార్లు దృశ్యాన్ని గీస్తుందనుకుంటే, మధ్య విరామం సుమారు 17 మిల్లీసెకన్లు. గీసినప్పుడల్లా 'ఇప్పుడు వేలుందా?' అని మాత్రమే చూసేలా ప్రోగ్రాం రాస్తే ఇబ్బందే. ఫోను వేడెక్కి నెమ్మదిస్తే విరామం పెరుగుతుంది. ఈలోపు వేలు పడటం, లేవడం రెండూ అయిపోతాయి. నాడె అటునుంచి ఇటు వచ్చేశాక తొంగిచూసినట్లన్నమాట!

దీనికి మందు లేకపోలేదు. వేలు పడిన, లేచిన ప్రతి సంగతినీ వరసగా దాచిపెట్టి, ఒక్కటీ వదలకుండా చదివేలా ఆట తయారుచేయాలి. బటన్లు సుమారు 9 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్నది ఆండ్రాయిడ్ సూచన. అన్నిటికీ మించి, ఏసీ గదిలో కొత్త ఫోనుతో పరీక్షిస్తే సరిపోదు. పాత ఫోనుతో, కష్టం చేసిన చేతులతో ఆడించి చూడాలి.

ఆట పోతే మళ్లీ ఆడుకోవచ్చు. కానీ డబ్బు పంపేదీ, టికెట్ కొనేదీ ఈ తెరమీదే. 'ఇది నాకు రాదులే' అని తాతయ్య ఫోను పక్కన పెట్టేస్తుంటే, ఛార్జరు తీసి, తెర తుడిచి మరోసారి ఇచ్చి చూడండి. తప్పు ఆయనది కాదని కూడా చెప్పండి!