మొక్కు లేకపోతే నడవకూడదా?

మన సీమలో పెళ్ళయిన ఆడది మూడు నాలుగు రోజులు ఇల్లు వదిలి నడిచిపోవాలంటే ఒకటే దారి, మొక్కు. "శ్రీశైలం నడిచొస్తానని మొక్కుకున్నా" అంటే అత్త నోరెత్తదు, ఆయనా అడ్డం చెప్పడు. అదే "స్నేహితురాళ్ళతో కలిసి అడవిలో నడవాలనుంది" అనండి చూద్దాం. "ఏం మే, ఇంట్లో నీకేం తక్కువైంది?" అంటారు.

మల్లన్న మీద నాకూ భక్తి ఉంది. అయినా నడవాలన్న కోరికకు దేవుణ్ణి సాకు చేసుకోవాల్సిన పనేముందని నా ప్రశ్న.

దారి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో అడవిలో అడుగుపెడితే నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను దాటి కైలాసద్వారం చేరతాం. దాదాపు 40 కిలోమీటర్లు. పులుల అడవి కాబట్టి ఎప్పుడంటే అప్పుడు పోనివ్వరు. శివరాత్రికి, ఉగాదికి మాత్రం జాతరలాగా జనం ఉంటారు. ఉగాదికి వచ్చే కన్నడ ఆడవాళ్ళను చూడాలి. భ్రమరాంబ తమ ఇంటి ఆడబిడ్డ అని పసుపు కుంకుమలు పట్టుకుని, నెత్తిన మూటతో పాడుకుంటూ వస్తారు.

ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో కాశీకి పోతూ ఈ దారినే శ్రీశైలం వెళ్ళారు. 'కాశీయాత్ర చరిత్ర' గురించి బీఏలో చదువుకున్నాం. ఆయన్ను మోయడానికి బోయీలున్నారు. అంతకు ఏడు వందల ఏళ్ళ ముందు, 12వ శతాబ్దంలో, అక్కమహాదేవి కన్నడ దేశం నుంచి శ్రీశైలానికి నడిచే వచ్చింది. ఆమె ఎవరి అనుమతీ అడగలేదు.

అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అని ఒకావిడ. పదకొండు మంది పిల్లల్ని కని పెంచింది, మొగుడి చేత దెబ్బలు తిని విడాకులు తీసుకుంది. 1955లో, 67 ఏళ్ళ వయసులో, చేత్తో కుట్టుకున్న సంచి భుజాన వేసుకుని, మామూలు గుడ్డ బూట్లతో 3,000 కిలోమీటర్లకు పైగా ఉన్న అపలేచియన్ కొండదారి మొత్తం ఒంటరిగా నడిచింది. నడకకు పోతున్నానని మాత్రమే పిల్లలకు చెప్పిందట!

రెండేళ్ళ కింద మేము నలుగురం పోయినాం. జొన్నరొట్టెలు, బుడ్డల పొడి, బొరుగులు మూటగట్టుకున్నాం. మాలో ఒకామెది మా ఎదురిల్లే, ఇరవై ఏళ్ళ స్నేహం. ఆమెకు ఏడాదిగా రాత్రుళ్ళు నిద్ర లేదని, ఇల్లు తాకట్టులో ఉందని పెద్దచెరువు గట్టున కూర్చున్నప్పుడే నాకు తెలిసింది. ఊళ్ళో మేము రోజూ మాట్లాడుకుంటాం. కానీ ఒక మాట మొదలుపెట్టేసరికి కుక్కర్ కూత వేస్తుంది, లేదంటే ఎవరో తలుపు కొడతారు. మనసులో మాట బయటికి రావాలంటే పక్కపక్కన గంటలకొద్దీ నడవాలి. తిరిగొచ్చాక నలుగురం కూర్చుని ఆ అప్పు లెక్క చూసినాం. ఆమె ఇప్పుడు ఒంటరిగా లేదు.

మొక్కు కోసం పోయుంటే ఇదంతా జరిగేది కాదా అంటారేమో. జరగొచ్చు. కానీ మొక్కు తీరితే మళ్ళీ పోవడానికి కారణం ఉండదు. స్నేహం అలా తీరిపోయేది కాదు కదా.

"ఇంట్లో వంటెవరు చేస్తారు?" అన్న ప్రశ్నకు జవాబు సులువు. మా ఇంట్లో పొద్దున హోటల్ ఉగ్గాని తిన్నారు, రాత్రికి అన్నం వాళ్ళే వండుకున్నారు. ఎవరూ చిక్కిపోలేదు.

నిజమైన ఇబ్బంది వేరే ఉంది. మగవాళ్ళకు చెట్టు చాటు చాలు. మనం మాత్రం మరుగు దొరకదని నీళ్ళు తాగడం మానేసి, ఆ ఎండలో కళ్ళు తిరిగి పడిపోతాం. అన్నదానాలకు పందిళ్ళు వేసే దాతలు, అధికారులు ఆ దారిలో ఆడవాళ్ళకు తలుపులున్న మరుగుదొడ్లు కూడా పెట్టించాలి. ఈ మాట మనమే గట్టిగా అడగాలి.

వచ్చే ఉగాదికి పోవాలనుంటే ఇప్పటినుంచే పొద్దున ఐదారు కిలోమీటర్లు నడవండి. చెప్పులు కొత్తవి వద్దు, అలవాటైనవే వేసుకోండి. ఇంట్లో అడిగితే మాత్రం, "నా స్నేహితురాళ్ళతో నడవాలనుంది, పోతున్నా" అని ఉన్నమాటే చెప్పండి.