బెర్తు ఒకటే... కౌంటర్లు వేలు!

సంక్రాంతికి ఊరెళ్లాలి. అరవై రోజుల ముందే కాచుకుని కూర్చుంటాం. పొద్దున ఎనిమిదైందో లేదో... మీరు ఇంట్లో కంప్యూటర్ ముందు, మీ బావమరిది సికింద్రాబాద్‌ స్టేషన్‌ కౌంటర్లో, ముక్కూమొహం తెలియని ఇంకొకాయన విశాఖలో! ముగ్గురి కళ్లూ రైల్లో మిగిలిన ఒకే ఒక్క కింది బెర్తు మీదే. దొరికేది ఒక్కరికే. మిగతా ఇద్దరికీ వెయిటింగ్‌ లిస్టు.

దొరకనివాళ్లు తిట్టుకోవడం మామూలే. కానీ ఎప్పుడైనా ఇలా ఆలోచించారా? వేల కౌంటర్ల నుంచీ, లక్షల కంప్యూటర్లూ ఫోన్ల నుంచీ ఒకేసారి చేతులు చాస్తుంటే, ఆ ఒక్క బెర్తునూ ఇద్దరికి అమ్మేయకుండా కాపలా కాస్తున్నదెవరు?

ఆ కాపలాదారు పేరు ఓపెన్‌వీఎంఎస్‌. మన ఇళ్లలో ఉండే విండోస్‌లాంటిదే, ఇదీ ఒక ఆపరేటింగ్‌ సిస్టమ్‌. కాకపోతే ఇళ్లకోసం కాదు... బ్యాంకులు, స్టాక్‌ ఎక్స్ఛేంజీలు, కర్మాగారాలు, రైల్వేల్లాంటి పెద్ద సంస్థల సర్వర్ల కోసం పుట్టింది. రైల్వే రిజర్వేషన్‌ వ్యవస్థ 2010లో ఏర్పాటు చేసిన ఇటానియం సర్వర్లూ, ఓపెన్‌వీఎంఎస్‌ మీదే నడుస్తోందని 2025 ఆగస్టులో రైల్వే మంత్రి పార్లమెంటుకు చెప్పారు. దాన్ని మార్చబోతున్నామనీ ఆ జవాబులోనే ఉంది. సాగనంపే ముందు, ఇన్నేళ్లూ నమ్మకంగా పనిచేసిన ఈ పెద్దమనిషి కథేమిటో తెలుసుకోవద్దూ!

వయసు యాభైకి దగ్గర

అమెరికాలో డిజిటల్‌ ఎక్విప్‌మెంట్‌ కార్పొరేషన్‌ అని ఓ కంపెనీ ఉండేది. అందరూ ‘డెక్‌’ అనేవాళ్లు. 1977 అక్టోబరులో ఆ కంపెనీ వ్యాక్స్‌-11/780 అనే కంప్యూటర్‌ను ప్రకటించింది. దాంతోపాటే పుట్టింది వీఎంఎస్‌... వర్చువల్‌ మెమరీ సిస్టమ్‌. అప్పట్లో మెమరీ బంగారంతో సమానం. ఉన్న కాస్త మెమరీ చాలకపోతే డిస్కులోని చోటును కూడా మెమరీలాగే వాడుకునే ఉపాయం అది. పేరు అలా వచ్చింది. ‘ఓపెన్‌’ అన్న తోక... కాదు, తల... 1990ల మొదట్లో తగిలించారు.

దీన్ని రూపొందించినవారిలో ముఖ్యుడు డేవ్‌ కట్లర్‌. ఆయన 1988లో డెక్‌ను వదిలి మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. అక్కడ తయారుచేసింది విండోస్‌ ఎన్‌టీ. నేటి విండోస్‌లన్నిటికీ పునాది అదే. వీ, ఎం, ఎస్‌... ఈ మూడక్షరాలనూ ఇంగ్లిషు వర్ణమాలలో ఒక్కో అడుగు ముందుకు జరిపి చూడండి. డబ్ల్యూ, ఎన్‌, టీ! కావాలనే పెట్టారో, కాకతాళీయమో కానీ కంప్యూటర్‌ లోకంలో ఇదో పాత జోకు. ఆ లెక్కన మన ఇంట్లోని విండోస్‌కూ, రిజర్వేషన్‌ కౌంటర్లోని సర్వర్‌కూ దూరపు చుట్టరికం ఉన్నట్టే.

దీని అలవాట్లలో ఒకటి చూడండి. ఓ ఫైలును దిద్ది మళ్లీ దాచారనుకోండి. పాతది చెరిపేయదు. పక్కనే రెండో నంబరుతో కొత్తది పెడుతుంది. మళ్లీ దిద్దితే మూడోది. పొరపాటు జరిగితే వెనక్కి వెళ్లి పాతది తీసుకోవచ్చు. అక్కర్లేదనుకుంటే ‘పర్జ్‌’ అని ఆజ్ఞాపిస్తే పాతవన్నీ పోతాయి. మనిషన్నాక తప్పు చేస్తాడని ముందే ఊహించి కట్టిన ఇల్లన్నమాట!

తాళంచెవి ఒక్కరి చేతికే

అసలు గొప్పతనం 1983లో వచ్చిన ‘క్లస్టర్‌’లో ఉంది. అనేక కంప్యూటర్లను కలిపి ఒక్కటిగా పనిచేయించడం. అన్నీ ఒకే డిస్కుల్లోని సమాచారాన్ని చదువుతాయి, రాస్తాయి. ఒకటి మొరాయిస్తే దాని పని మిగతావి అందుకుంటాయి. మరమ్మతుకోసం ఒకదాన్ని ఆపినా దుకాణం మూతపడదు.

మరి రెండు కంప్యూటర్లు ఒకేసారి ఒకే బెర్తు మీద చెయ్యివేస్తే? అందుకే తాళాల లెక్క చూసేందుకు ‘లాక్‌ మేనేజర్‌’ ఉంటుంది. బెర్తును ముట్టుకునే ముందు తాళంచెవి అడగాలి. ముందు అడిగినవారికి ఇస్తుంది. రెండోవాళ్లు వేచి ఉండాలి. మొదటివారి పని పూర్తయి తాళంచెవి తిరిగొచ్చేసరికి బెర్తు అమ్ముడైపోయి ఉంటుంది. అంటే రెండోవారికి వెయిటింగ్‌ లిస్టే. ఇదంతా సెకనులో చిన్న భాగంలో!

ఇంకా చిక్కు ప్రశ్న ఉంది. కంప్యూటర్లు బాగానే ఉన్నాయి, వాటిని కలిపే తీగ మాత్రం తెగిందనుకోండి. ఇటువైపు యంత్రాలు ‘అటువాళ్లు పోయారు, ఇక అంతా మనమే’ అనుకుంటాయి. అటువైపువీ అలాగే. రెండు వైపులా అమ్మకం మొదలుపెడితే ఇంకేముంది... ఒక బెర్తుకు ఇద్దరు యజమానులు! దీనికి వీఎంఎస్‌ చేసిన ఏర్పాటు మన పంచాయతీ సమావేశం లాంటిదే. ప్రతి యంత్రానికీ ఓటు ఉంటుంది. కోరం ఉన్న వైపే పని సాగుతుంది. కోరం లేని వైపు చేతులు కట్టుకుని నిలబడిపోతుంది. తప్పుగా పనిచేయడంకన్నా ఆగిపోవడం మేలన్నది దాని సిద్ధాంతం.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో జంట భవనాలు కూలినప్పుడు ఈ ఏర్పాటుకు అగ్నిపరీక్ష ఎదురైంది. కామర్జ్‌బ్యాంక్‌ కార్యాలయం ఆ పక్కనే. అక్కడి యంత్రాలు దెబ్బతిన్నా, దాదాపు 30 మైళ్ల అవతల ఉన్న క్లస్టర్‌లోని మిగతా సగం పని కొనసాగించింది.

మన కౌంటర్లోకి ఇలా వచ్చింది

కంప్యూటర్లు రాకముందు రిజర్వేషన్‌ ఎలా ఉండేదో పెద్దవాళ్లనడగండి. ఒక్కో రైలుకు ఒక్కో లావుపాటి రిజిస్టరు. ఏ రైలుకైతే ఆ కౌంటరుకే వెళ్లాలి. చాంతాడంత క్యూ. 1985లో ఢిల్లీలో వ్యాక్స్‌ యంత్రాలతో తొలి కంప్యూటర్‌ రిజర్వేషన్‌ మొదలైంది. దాని సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసింది ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ. తర్వాత సికింద్రాబాద్‌తో సహా అయిదు కేంద్రాలు వచ్చాయి. అప్పటికీ ఏ కేంద్రం లెక్క దానిదే. ఇక్కడ కూర్చుని ఢిల్లీ నుంచి తిరుగు టికెట్‌ కొనాలంటే తంటాలే. ఆ అయిదింటినీ కలిపే ‘కాన్సర్ట్‌’ అనే సాఫ్ట్‌వేర్‌ను రైల్వేల సొంత సంస్థ క్రిస్‌ రాసింది. దాన్ని మొదట అమర్చింది ఎక్కడో తెలుసా... మన సికింద్రాబాద్‌లోనే! 1999 నాటికి అయిదు కేంద్రాలూ కలిశాయి. 2002లో ఇంటర్నెట్‌ టికెట్లు వచ్చాయి. మన చేతిలోని వెబ్‌సైటు కొత్తదే అయినా, వెనక బెర్తుల లెక్క చూసింది మాత్రం ఆ పాత కాపలాదారే.

ముగ్గురు యజమానులు... మూడు చిప్‌లు

ఇంత గట్టి మనిషికి కష్టాలెందుకొచ్చాయి? తన తప్పు వల్ల కాదు. 1998లో డెక్‌ను కాంపాక్‌ కొనేసింది. 2002లో కాంపాక్‌ను హెచ్‌పీ కొంది. ఇల్లు మారినప్పుడల్లా కొత్త యజమాని ముద్దుబిడ్డలు వేరు. చిప్‌ల సంగతీ అంతే. వ్యాక్స్‌ నుంచి ఆల్ఫాకు మారింది. ఆల్ఫా అప్పట్లో అత్యంత వేగమైన చిప్‌లలో ఒకటి. 2001లో కాంపాక్‌ దానికి మంగళం పాడింది. అందరూ ఇంటెల్‌ వారి ఇటానియంకు మారాలంది. మారారు. తీరా చూస్తే ఇటానియం జనానికి పట్టలేదు. 2021 జులైతో దాని సరఫరా కూడా ఆగిపోయింది.

2013లోనే హెచ్‌పీ చేతులెత్తేసింది. కొత్త తరం ఇటానియంల మీద దీన్ని నడిపించేది లేదంది. కథ కంచికేననుకున్నారంతా. మరుసటి ఏడాది వీఎంఎస్‌ సాఫ్ట్‌వేర్‌ ఐఎన్‌సీ అనే చిన్న కంపెనీ ముందుకొచ్చింది. డెక్‌లో పనిచేసిన పాతకాపులు కొందరు అందులో చేరారు. హెచ్‌పీ నుంచి హక్కు తీసుకుని, మామూలు సర్వర్లలో ఉండే ఎక్స్‌86 చిప్‌ల మీద నడిచేలా దాన్ని తిరగరాశారు. చాలా ఏళ్లు పట్టింది. 2022 జులైలో వాడుకకు వచ్చింది. ఇప్పుడు ప్రత్యేకమైన పెట్టె అక్కర్లేదు. వర్చువల్‌ మెషీన్‌గా మామూలు సర్వర్లోనే నడుస్తుంది. నలభై అయిదేళ్ల వయసులో నాలుగో జన్మ!

మరి భవిష్యత్తు? యంత్రం కొరత తీరింది. ఇక తీరాల్సింది మనుషుల కొరత. ఈ విద్య తెలిసినవాళ్లు రిటైరవుతున్నారు. కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్లు లైనక్స్‌, క్లౌడ్‌ నేర్చుకుని వస్తున్నారు. అందుకే వాడుతున్న సంస్థల ముందు రెండే దారులు. ఉన్న సాఫ్ట్‌వేర్‌తో ఎక్స్‌86కు మారడం, లేదా అన్నీ కొత్తగా రాసుకోవడం. మన రైల్వేలు రెండో దారి పట్టాయి. నిమిషానికి 32 వేల టికెట్లు ఇచ్చే వ్యవస్థ స్థానంలో లక్షన్నర ఇచ్చేది తెస్తామని 2025లో ప్రకటించాయి.

వేగం పెరిగితే సంతోషమే. ఎవరు కాదంటారు! కానీ పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామానుతోపాటు ఇంటి పద్ధతులు కూడా తీసుకెళ్లాలి. నలభై ఏళ్లలో పండగ రద్దీలు, తత్కాల్‌ తోపులాటలు, తెగిన తీగలు... ఒక్కో దెబ్బ తగిలినప్పుడల్లా నేర్చుకున్న పాఠాలు ఆ పాత ప్రోగ్రాముల్లో ఉంటాయి. వాటిని రాసినవాళ్లు అందుబాటులో ఉండగానే కొత్తవాళ్లు పక్కన కూర్చుని అడిగి తెలుసుకోవాలి.

నిమిషానికి ఎన్ని టికెట్లు ఇచ్చిందన్నది పేపర్లో పడే లెక్క. పండగ రాత్రి పిల్లాపాపలతో రైలెక్కినప్పుడు మన బెర్తులో ఇంకొకరు లేకపోవడం... అదీ ప్రయాణికుడి లెక్క!