తెల్లకణాలు తగ్గాయా... మాత్రలు ఆపకండి!

కిడ్నీ మార్పిడి జరిగింది హైదరాబాద్‌లోనో, గుంటూరులోనో. మనిషి ఉండేది రాచర్లలో. మధ్యలో రక్తపరీక్షలు గిద్దలూరులోనో, మార్కాపురంలోనో చేయించుకుంటారు. ఓసారి రిపోర్టులో తెల్లరక్తకణాలు 2,600 అని వస్తుంది. మామూలుగా ఉండాల్సినవి 4,000 నుంచి 11,000. ఇంటిల్లిపాదికీ కంగారు. 'ఈ మాత్రల వల్లేనేమో, నాలుగు రోజులు ఆపి చూద్దాం' అంటారెవరో. అసలు ప్రమాదం అక్కడే! మందు ఆగితే శరీరం కొత్త కిడ్నీని పరాయిదిగా భావించి దాడి చేస్తుంది. అలాగని ఊరుకుంటే ఇన్‌ఫెక్షన్లు చుట్టుముడతాయి. అందుకే ముందు కారణం తేలాలి.

ఎలా తేలుస్తారు?

మొదట పరీక్ష మళ్లీ చేయించి, ఏ రకం కణాలు తగ్గాయో చూస్తారు. సూక్ష్మజీవులతో పోరాడే న్యూట్రోఫిల్స్ 1,500 కన్నా తగ్గితే జాగ్రత్తపడాలి. 500 కన్నా తగ్గితే అత్యవసర పరిస్థితే.

తర్వాత చూసేది మందుల చీటీ. ఎక్కువసార్లు దొంగ దొరికేది ఇక్కడే. మైకోఫెనొలేట్, అజాథయోప్రిన్, వైరస్ రాకుండా ఇచ్చే వాల్‌గాన్‌సైక్లోవిర్, కోట్రైమాక్సజోల్... అన్నిటికీ కణాలను తగ్గించే గుణముంది. ఏ మందు ఎప్పుడు మొదలైంది, మోతాదు ఎప్పుడు మారింది, కణాలు ఎప్పుడు తగ్గాయి... ఈ తేదీలు పక్కపక్కన పెడితే చాలావరకూ విషయం తెలిసిపోతుంది. ఊళ్లో కొనుక్కున్న మాత్రల సంగతీ దాచకూడదు. యూరిక్ యాసిడ్ తగ్గడానికి వాడే అల్లోప్యూరినాల్ అజాథయోప్రిన్‌తో కలిస్తే ఎముక మజ్జ తీవ్రంగా దెబ్బతింటుంది.

మందుల్లో తేలకపోతే ఇన్‌ఫెక్షన్లు వెతుకుతారు. ముఖ్యమైనది సైటోమెగలో వైరస్. దీన్ని పీసీఆర్ పరీక్షతో పట్టుకుంటారు. డెంగీ, టైఫాయిడ్, క్షయల్నీ మర్చిపోరు. విటమిన్ బి12, ఫోలిక్ యాసిడ్ తక్కువైనా కణాలు తగ్గుతాయి. మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ యాసిడే ఇది! ఇవేవీ కాకపోతే చివరగా ఎముక మజ్జ పరీక్ష.

మీరేం చేయాలి?

* రిపోర్టు రాగానే మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. మోతాదు తగ్గించాలా, మందు మార్చాలా అన్నది వాళ్లే చెప్పాలి.

* వాడుతున్న మాత్రల అట్టలన్నీ, పాత రిపోర్టులతో సహా ఒకే సంచిలో తీసుకెళ్లండి. ఆయుర్వేదం, నాటుమందులు ఉంటే అవి కూడా.

* జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే తెల్లారేదాకా ఆగొద్దు. దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి, 'నాకు కిడ్నీ మార్పిడి అయింది' అన్న మాట ముందు చెప్పండి.